ఇది ఏ మిషనో నాకు తెలియదు

ఆ రోజు పొద్దున సెంటరు గుమ్మం దగ్గర గుడ్డ పొడిగా ఉంది.

మా కంప్యూటరు సెంటరు గుంటూరులో మిర్చి లారీలు తిరిగే రోడ్డు మీద ఉంది. లారీ పోయినప్పుడల్లా కారం దుమ్ము లేస్తుంది. ఫ్లాపీల మీద, కీబోర్డు సందుల్లో చేరుతుంది. అందుకని మా మిస్ రోజూ అందరికంటే ముందు వచ్చి, ఒక ముతక గుడ్డను తడిపి పిండి గుమ్మానికి అడ్డంగా పరిచేవారు. దాని మీద కాళ్లు తుడుచుకోనిదే ఎవరూ లోపలికి రాకూడదు, యజమానిగారైనా సరే. ఆ సోమవారం గుడ్డ గుమ్మం పక్క కిటికీ చువ్వ మీదే, శనివారం ఆరేసిన మడతలోనే, బిర్రుగా ఎండిపోయి ఉంది. దాన్ని తీసుకుని కుళాయి దగ్గరికి పోతుంటే యజమానిగారు వచ్చారు. స్కూటరు స్టాండు వేయకుండా, హ్యాండిలు పట్టుకునే నిలబడి చెప్పారు.

"గుడ్డ సంగతి తర్వాత చూద్దువులే అమ్మాయ్. మీ మిస్ గారు పోయారంట. తెల్లారుజామున గుండెనొప్పి వచ్చిందంట. పర్చూరు నుంచి ఇప్పుడే ఫోనొచ్చింది."

నేను గుడ్డ తడిపాను. పిండాను. గుమ్మానికి అడ్డంగా పరిచాను. ఆ తర్వాతే కూర్చున్నాను.

మా కాన్వెంటులో ఆడ టీచర్లందరూ మాకు మిస్సే. ఆవిడకు నలభై దాటాక కూడా మిస్సే. మీలో కొందరు ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే. సుద్దముక్కకు కాగితం చుట్టి పట్టుకునే ఆవిడ తీరు మీకు గుర్తుండే ఉంటుంది. లెక్క తప్పితే కొట్టేవారు కాదు. "ఏ మెట్టు దగ్గర ఊహించావో అక్కడ సున్నా చుట్టుకో" అనేవారు. ఎవరి తప్పు వాళ్లే వెతికి చుట్టుకోవాలి. దెబ్బలే నయమనిపించేది కొందరికి.

నేను క్లాసులో మాట్లాడేదాన్ని కాదు. ఆవిడ నన్ను మాట్లాడించాలనీ చూడలేదు. నా నోటుపుస్తకం శ్రద్ధగా చదివేవారు, అంతే. అది ఎంత మర్యాదో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఒక వేసవిలో, స్కూలు నుంచి ఒక్కరు హైదరాబాదు వెళ్లి మూడు వారాలు కంప్యూటరు నేర్చుకుని రావాలని కబురొచ్చింది. మగ టీచర్లందరికీ ఒక్కసారిగా ఎండలు గుర్తొచ్చాయి. మిస్ వెళ్లారు. వచ్చేటప్పుడు సీ భాష మీద ఒక జిరాక్సు పుస్తకం తెచ్చుకున్నారు. రెండేళ్లకు కాన్వెంటు ఉద్యోగం మానేసి ఈ సెంటరులో చేరారు. నేను బీయస్సీ అయ్యాక ఇంట్లో పుస్తకాలు చదువుకుంటూ కూర్చుంటే మా అమ్మకు కబురు పంపారు. "అమ్మాయిని పంపండి. ఎక్కువ మాట్లాడక్కర్లేని పని."

పర్చూరు దగ్గర వాళ్ల ఊళ్లో, చర్చి వెనక, ఆవిడ మీద మట్టి వేస్తుండగా నా వెనక ఎవరో అన్నారు. "అంత లెక్కల మనిషి. బంగారంలాంటి ఉద్యోగం వదులుకుని మిరపకాయల కొట్టు చుట్టూ తిరుగుతా పోయింది, పాపం."

నేను వెనక్కి తిరిగి ఏమీ అనలేదు. నాకు అది చేతకాదు. అందుకే రాస్తున్నాను. పాపం అనే మాట ఆవిడకు నప్పదు. ఆవిడ చేసిన పని ఏమిటో ముందు చెబుతాను. ఆ తర్వాత మీరే చెప్పండి.

మిరప కోతయ్యాక ధర బాగుండకపోతే రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. మిరప బస్తాను మా వైపు టిక్కీ అంటాం. చీకటి ఛాంబర్లలో, అంతస్తుల మీద అంతస్తులుగా, వేల టిక్కీలు ఉంటాయి. ఎవరివి ఎక్కడున్నాయో చెప్పేది మా ప్రోగ్రాం. అది తప్పు చెబితే ఒక మనిషి ఏడాది కష్టం ఆ చీకట్లో కలిసిపోతుంది.

చిక్కేమిటంటే ఒక్కో కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఒక్కో రకం మిషను కొన్నారు. చిన్నవాళ్ల దగ్గర డాస్. ఒక పెద్దాయన దగ్గర నాలుగు టెర్మినళ్ల యూనిక్స్. స్క్రీను తుడవడానికి, మీట నొక్కితే అందుకోవడానికి, ఫైలు తెరవడానికి ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. మిషనుకో ప్రోగ్రాం రాసి పడేద్దామన్నారు యజమానిగారు. మిస్ ఒప్పుకోలేదు.

"రెండు చోట్ల రాస్తే ఒకచోట దిద్ది ఇంకోచోట మర్చిపోతాం. ఒక్కటే రాద్దాం. ఏ ఊరు పోతే ఆ ఊరి పద్ధతి అదే కనుక్కుంటుంది" అన్నారు.

ఎలా కనుక్కుంటుందంటే, సీలో మనం రాసినదాన్ని మిషను భాషలోకి మార్చేది కంపైలరు. ప్రతి కంపైలరుకూ పుట్టుకతో కొన్ని పేర్లు తెలిసి ఉంటాయి. డాస్ కంపైలరుకు డాస్ అన్న పేరు, యూనిక్స్ కంపైలరుకు యూనిక్స్ అన్న పేరు. మార్చడం మొదలుపెట్టేటప్పుడే దాన్ని అడగొచ్చు. ఈ పేరు నీకు తెలుసా? తెలిస్తే ఈ వరసలు తీసుకో, తెలియకపోతే వదిలెయ్. ప్రోగ్రాం నడవకముందే ఈ ప్రశ్నలన్నీ అయిపోతాయి. రైతు ముందు స్క్రీను వెలిగేటప్పటికి లోపల ఏ సందేహమూ మిగలదు. మిగలకూడదు.

ఫైళ్లు తెరిచే భాగం మిస్ నాకిచ్చారు. నేను ఇలా రాశాను. డాస్ అయితే ఇలా తెరువు. కాకపోతే యూనిక్సే కాబట్టి అలా తెరువు. ఉన్నవి రెండే రకాల మిషన్లు. ఆ 'కాకపోతే' ఎవరి కంటికీ ఆనలేదు.

తర్వాత చిలకలూరిపేట రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీ ఓనరు, పొగాకు కంపెనీ వాళ్లు వదిలించుకున్న పాత మిషనును చవగ్గా కొన్నారు. దానిలో ఉన్నది డాస్ కాదు, యూనిక్సూ కాదు. ఇంకో పాత పద్ధతి. దాని పేరు పలికితే అచ్చం ఒక పార్టీ పేరులా ఉండేది.

"ఏంది టీచరమ్మా, ఎర్రజెండా మిషనా ఇది? రేపు నా సరుకంతా కూలోళ్లకి పంచిపెట్టుద్దేమో చూడండి!" అని ఓనరు తెగ నవ్వారు.

"పంచితే లెక్కగానే పంచుతుంది లెండి" అన్నారు మిస్.

స్క్రీను భాగంలో ఆవిడ ఆ మూడో పేరు చేర్చారు. నా భాగం సంగతి అడిగారు. "నా దాంట్లో మార్చేదేం లేదు మిస్" అన్నాను. నిజంగానే అనుకున్నాను. కంపైలరు కూడా ఒక్క మాట అనకుండా ఒప్పుకుంది.

సరుకు దిగే రోజుల్లో పేర్లు ఎక్కించుకుంటూ పోవడమే గాని వెనక్కి చదివే పని పడదు. వానలు మొదలయ్యాక సరుకు తీసుకుపోవడానికి మొదట వచ్చింది పర్చూరు వైపు కౌలు రైతు ఒకాయన. స్క్రీను మీద ఆయన పేరు లేదు. మమ్మల్ని రమ్మని ఫోను వచ్చింది. కంప్యూటరు వచ్చింది కదా అని ఆ ఏడు పెద్ద పుస్తకం రాయడం కూడా మానేశారట.

మేం వెళ్లేసరికి ఆయన గుమాస్తా బల్ల ముందు నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో చెమటకు అలికిపోయిన రసీదు.

"రసీదు ఎవడైనా రాసుకుంటాడు. కంప్యూటర్లో లేదంటే లేదు. పైకి లే ముందు" అంటున్నాడు గుమాస్తా.

"నీ కంప్యూటరు నా చేలో కోతకొచ్చిందంట్రా? ఇరవై ఆరు టిక్కీలు. మూతులు నా చేత్తో కుట్టా. పచ్చ పురికోస."

"ఏ కొట్లో దించావో, ఏ మత్తులో ఉన్నావో. పోయి అక్కడ అడుగు."

"ఆ పెట్టెలో నా పేరు లేకపోతే నేను లేనంట్రా? ఇదుగో, నీ ఎదురుగుండా ఉన్నా. లేవను."

మిస్ స్క్రీను వైపు చూడలేదు. ఓనరు వైపు తిరిగారు. "ఛాంబరు తలుపు తీయించండి."

"అదేంది టీచరమ్మా, మిషను పెట్టింది మీరే. మీరే నమ్మకపోతే ఎట్టా?"

"నేను పెట్టాను కాబట్టే నమ్మట్లేదు. తీయించండి."

చీర కొంగు తల చుట్టూ బిగించి, ఇద్దరు హమాలీలతో ఆ చలి గదిలోకి వెళ్లారు. నేను బయట నిలబడ్డాను. ఆ మందపాటి తలుపు వెనక నుంచి ఆవిడ దగ్గు వినిపించేది, ఒకసారి దగ్గర నుంచి, ఒకసారి దూరం నుంచి. చాలాసేపటికి ఒక హమాలీ కేక వేశాడు. "ఉన్నాయండోయ్! మూడో అంతస్తులో! పచ్చ పురికోస!"

మిస్ బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. "ఇరవై ఆరు. నేనే లెక్కపెట్టాను" అన్నారు.

ఆ రైతు దణ్ణాలేమీ పెట్టలేదు. పంచె దులుపుకుని గుమాస్తాతో, "ఇప్పుడు లేస్తున్నా, చూసుకో" అని లేచాడు.

మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా మిస్ ఆ ఫైలును అంకె అంకెగా కాగితం మీద అచ్చు వేయించి చదివారు. రైతుల పేర్లన్నీ అందులో ఉన్నాయి. చదివేటప్పుడే కనిపించడం లేదు. ఆ మిషనుకు ఒక పాత అలవాటు. ఫైలును మామూలుగా తెరిస్తే, ఇరవై ఆరు అన్న అంకె ఎదురుకాగానే ఫైలు అక్కడితో అయిపోయిందనుకుంటుంది. వేరే విధంగా తెరవమని ముందే చెప్పాలి. యూనిక్సుకు ఆ పట్టింపు లేదు. నేను దాన్ని యూనిక్స్ అనుకున్నాను. పైగా చోటు కలిసొస్తుందని టిక్కీల సంఖ్యను ఒకే ఒక్క బైటులో, అంటే ఒక్క అక్షరం పట్టే చోటులో, పెట్టాను. సరిగ్గా ఇరవై ఆరు టిక్కీలు తెచ్చిన మొదటి మనిషి ఆయన. ఆయనా, ఆయన తర్వాత వచ్చిన వాళ్లందరూ మాయమయ్యారు.

"ఎవరి తప్పిది?" అన్నారు ఓనరు.

"మాది. సాయంత్రానికి అందరి పేర్లూ కనిపిస్తాయి" అన్నారు మిస్. నాది అనలేదు, ఈ అమ్మాయిది అనలేదు. కానీ నా వైపు తిరిగి మెల్లగా అన్నారు. "ఆయనకు నువ్వు చెప్పు."

అంతమంది మగవాళ్ల మధ్య నా గొంతు నాకే వినపడలేదు. "తప్పు మీది కాదండి. నాది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నీదా? ఇరవై ఆరంటే నీకేం కోపమమ్మా? ముందే చెబితే ఇంకో టిక్కీ తెచ్చేవాణ్ణిగా."

నవ్వింది ఒక్క మిస్సే. నవ్వుతూనే మళ్లీ దగ్గారు.

ఫైలు తెరిచే మాటలో ఒక్క అక్షరం చేర్చాం. సాయంత్రానికి పేర్లన్నీ వచ్చాయి. తిరుగు బస్సులో నేను కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను.

"యూనిక్స్ అని ఎందుకనుకున్నావు?" అని అడిగారు మిస్.

"డాస్ కాదు కదా మిస్."

ఆవిడ సంచి ఒళ్లోకి లాక్కున్నారు. తర్వాత చెప్పారు. "నన్ను బళ్లో వేసిన రోజు, నేను గూడెం వైపు నుంచి రావడం చూసి, రిజిస్టరులో తండ్రి పని కూలీ అని రాసుకున్నాడు హెడ్‌మాస్టరు. మా నాన్న దర్జీ అండీ అన్నాను. మీ గూడెంలో దర్జీ ఎక్కడమ్మాయ్ అని నవ్వాడు. దిద్దలేదు. నా సర్టిఫికెట్ల మీద ఇప్పటికీ కూలీ అనే ఉంటుంది. కూలీ అంటే నాకు నామోషీ లేదు. అడగకుండా రాశాడే, అది."

బస్సు సగం దారి దాటింది. "అడుగు. జవాబు రాకపోతే ఆగు. నీకు తెలియనిదానికి నువ్వు పేరు పెట్టకు" అన్నారు. మళ్లీ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

మర్నాడు ప్రతి ఫైలులోనూ, తెలిసిన పేర్లన్నీ అడగడం అయిపోయాక, ఆఖరి 'కాకపోతే' కింద ఆవిడ ఒక వాక్యం రాయించారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వాక్యం. ఇది ఏ మిషనో నాకు తెలియదు ఆగండి. అది ఏ కంపైలరుకూ మింగుడుపడదు. కొత్త మిషను ఎదురైతే ఆ వరస దగ్గర ఆగి, తప్పు చూపించి, ఇక ముందుకు కదలదు. మా కంపైలర్లను ఆపడానికి మాకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

యజమానిగారికి నచ్చలేదు. "కావాలని తప్పు రాసుకుంటామా టీచరుగారూ? మిషను కొన్న పార్టీ ముందు కంపైల్ ఆగిపోతే మన పరువేం కాను?"

"పోతే పరువే కదండీ. టిక్కీలు పోవుగా" అన్నారు మిస్.

ఆ వరసలు అలాగే ఉండిపోయాయి.

మట్టి వేసి వచ్చిన నాలుగో రోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. కాళ్లు తుడుచుకునే వచ్చారు, అది ఒప్పుకోవాలి. ఒంగోలులో ఒక కోల్డ్ స్టోరేజీకి కొత్త రకం మిషను వచ్చింది. కొత్త పంట వారంలో మొదలవుతుంది.

"ఆ ఆగండి లైన్లు తీసెయ్యమ్మాయ్. ఆ మిషను యూనిక్సుకి దగ్గర చుట్టమేనంట. కాకపోతే యూనిక్స్ అని పెట్టెయ్. కంపైల్ అయిపోద్ది."

"తీయనండి."

"ఏంటి?"

"తీయనండి."

ఆయనకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. మూడేళ్లలో నా నోటి నుంచి ఆయన విన్న మొదటి కాదు అది. "మీ మిస్ లేరు కదమ్మా ఇప్పుడు" అన్నారు.

"ఆ లైన్లు ఉన్నాయండి."

"నువ్వు తీయకపోతే ఇంకొకళ్లతో తీయిస్తా. సీజను నీకోసం ఆగుద్దా?"

"మూడు రోజులివ్వండి. దాని పేరేంటో దాన్నే అడిగి రాస్తాను. కనుక్కోలేకపోతే నేనే మానేస్తాను."

ఆయన గుమ్మం దాకా పోయి, "మూడంటే మూడే" అన్నారు.

ఒంటరిగా ఒంగోలు దాకా బస్సులో పోవడం నాకు అదే మొదటిసారి. ఆ ఆఫీసులో మిషనుకు చుట్టిన ప్లాస్టిక్ ఇంకా పూర్తిగా విప్పలేదు. ఫ్లాపీ పెట్టి కంపైల్ చేశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత స్క్రీను మీద ఒక వరస నంబరు, దాని కింద ఆ మాటలు. ఇది ఏ మిషనో నాకు తెలియదు ఆగండి.

పక్కనే నిలబడి చూస్తున్న గుమాస్తా కూడబలుక్కుని చదివాడు. "తెలుగండీ! ఎవరు మాట్లాడుతుంది?"

"మా మిస్" అన్నాను.

దాని పేరు కనుక్కోవడానికి ఒకటిన్నర రోజు పట్టింది. మిషనుతో వచ్చిన లావు పుస్తకంలో, చివరి అట్టకు దగ్గరగా, చిన్న పట్టికలో ఉంది. ఆ పేరు చేర్చి, దాని పద్ధతేమిటో ఒక్కొక్కటే పరీక్షించి రాశాను. చుట్టమే గాని యూనిక్స్ కాదు. రెండు చోట్ల తేడా ఉంది. యూనిక్స్ అని పెట్టేస్తే మళ్లీ ఎవరో ఒకాయన ఏదో ఒక బల్ల ముందు నేల మీద కూర్చోవలసి వచ్చేది. అన్నీ అయ్యాక లేని రైతు పేరొకటి రాసి ఇరవై ఆరు టిక్కీలు ఎక్కించాను. వెనక్కి చదివించాను. ఇరవై ఆరు అని చెప్పింది. ఆ లేని రైతు తర్వాత ఎక్కించిన పేర్లు కూడా చెప్పింది.

మూడో రోజు యజమానిగారికి ఫ్లాపీ ఇచ్చాను. ఉద్యోగం ఉంది. ఆగండి అన్న వరసలు ఉన్నాయి, ప్రతి ఫైలులోనూ, ఆఖరి కాకపోతే కింద. నేను ఉన్నంతకాలం ఉంటాయి. మిరపకాయల కొట్టు చుట్టూ తిరిగిందన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. అవును, తిరిగారు. ఆ కొట్లలో ఏ మనిషీ ఊహ మీద మాయం కాకుండా చూడటానికి తిరిగారు.

సెంటరులోనూ, మా ప్రోగ్రాం ఉన్న కోల్డ్ స్టోరేజీల్లోనూ మిషన్ల మీద నీలి గళ్ల చీరాల గుడ్డ కవర్లుంటాయి. కారం దుమ్ము పోకుండా మూలలు రెండేసి వరసలు కుట్టి ఉంటాయి. మిస్ వాటిని సోమవారాల్లో ఊరి నుంచి సంచిలో పెట్టుకుని తెచ్చేవారు. ఆవిడే కుట్టారని అందరూ అనుకునేవారు. ఆవిడకు కుట్టు రాదు. అన్నీ వాళ్ల నాన్నగారు కుట్టినవి. ఆయన ఇంకా ఉన్నారు. ఒంగోలు సంగతంతా ఆయనకు ఉత్తరం రాశాను. నిన్న నాకు ఆయన దగ్గర నుంచి పోస్టుకార్డు వచ్చింది. ఒంగోలు మిషను పొడవు, వెడల్పు, ఎత్తు రాసి పంపమన్నారు.